మానని పన్ను గుంత: ఎనుమాముల హమాలీ ఒకరి నోటి క్యాన్సర్ కేసు

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నేనొక పన్ను పీకాను. రెండు నిమిషాల పని. ఆ రోజు పన్ను జోలికి పోకుండా, పక్కనున్న చిగురు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాల్సింది. పొరపాటు నాది కాబట్టి ఈ కేసును మొదటి నుంచి నేనే రాస్తున్నాను. హనుమకొండలో 12 ఏళ్లుగా పంటి క్లినిక్ నడుపుతున్నాను. ఎండీఎస్ (పంటి వైద్యంలో పీజీ) చేసింది నోటి శస్త్రచికిత్సలోనే, కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు. రాస్తానంటే ఆ రోగీ, ఆయన భార్యా సరేనన్నారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

మొదటిసారి

ఆయనకు 51 ఏళ్లు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో 24 ఏళ్లుగా హమాలీ. యార్డుకు మిర్చి పోటెత్తే రోజులవి. పని దిగి నేరుగా వచ్చినట్టున్నారు, కుర్చీలో కూర్చోగానే మా అసిస్టెంట్ వరసగా నాలుగు తుమ్ములు తుమ్మింది. చొక్కా మడతల నిండా తేజ మిర్చి దుమ్ము.

"కింద ఎడమ దిక్కు పన్ను ఊగుతుంది మేడం. అన్నం తినొస్తలేదు."

కింది ఎడమ రెండో దవడపన్ను, వేలితో కదిపితే మూడు వైపులా ఆడుతోంది. ఎక్స్‌రేలో వేళ్ల చుట్టూ ఎముక లేదు. పక్కన చిగురు ఎర్రగా, గరుకుగా ఉంది. పాచి, తంబాకు, ఏళ్ల తరబడి క్లీనింగ్ లేని నోరు. పయోరియా, అంటే చిగుళ్ల వ్యాధి అనుకున్నాను. ఇంజెక్షన్ ఇచ్చి పీకేశాను. కార్డు మీద ఇలా రాశాను: "తంబాకు, సున్నం, రోజుకు 8 నుంచి 10 సార్లు. మానమని చెప్పాను."

ఆ పది నిమిషాల్లో ఆయన నాకు రెండు మాటలు చెప్పారు. రెండూ రోగ లక్షణాలే. రెంటినీ మాటవరసకు అన్నవిగా వదిలేశాను.

ఒకటి, అద్దం లోపల పెడుతూ "ఇంకొంచెం తెరవండన్నా" అంటే, "ఇంతే తెరుసుకుంటది మేడం, రెండేండ్ల నుంచి ఇంతే" అన్నారు. నేను కుర్చీ వెనక్కి వాల్చి, లైటు సర్దుకుని, ఆ ఇరుకులోనే పని కానిచ్చాను. మామూలు మనిషి నోరు 35 నుంచి 45 మి.మీ. దాకా తెరుచుకోవాలి. స్కేలు నా ట్రేలోనే ఉంది.

రెండోది, నోట్లో మంట ఉందా అని అడిగితే నవ్వారు. "మిర్చి బస్తాలు మోసేటోనికి నోరు మండక సల్లగ ఉంటదా?" నేనూ నవ్వాను, మా అసిస్టెంట్ కూడా నవ్వింది. వక్క, తంబాకు నమిలే మనిషికి కారం తగిలితే నోరు మండటం, క్రమంగా నోరు బిగుసుకుపోవడం సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ లక్షణాలు. క్యాన్సర్‌కు దారితీయగల జబ్బు ఇది. చెంప లోపలి పొర మెత్తదనం పోయి, వేలు పెడితే తాళ్లలాంటి పట్టీలు తగులుతాయి. దీనికి ప్రధాన కారణం వక్క. ఆయన మధ్యాహ్నం భోజనం తర్వాత వక్కపొడి పాన్ మసాలా కూడా వేసుకునేవారని ఆగస్టులో అడిగితే గానీ తెలియలేదు. తంబాకు అలవాటు ఉందా అంటే తంబాకు గురించే చెప్తారు. వక్క మన దగ్గర అలవాటు లెక్కలోకి రాదు. పెళ్లిలో, పేరంటంలో, గుడిలో తాంబూలంగా చేతికిచ్చే వస్తువు గురించి డాక్టరుకు చెప్పాలని ఎవరికి తోస్తుంది? అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ వక్కను తంబాకు కలపకున్నా సరే క్యాన్సర్ కారకమని 2004లోనే మొదటి గ్రూపులో పెట్టింది.

ఆ ఎక్స్‌రే ఇప్పటికీ నా కంప్యూటర్‌లో ఉంది. ఆగస్టులో మళ్లీ తెరిచి చూశాను. పక్క పళ్ల దగ్గర ఎముక బాగానే ఉంది. చిగుళ్ల వ్యాధి ఒక్క పన్నునే పట్టి, అటూ ఇటూ ఉన్నవాటిని వదిలేయడం అరుదు. పైగా పయోరియాలో ఎముక అంచు గిన్నె అంచులా నున్నగా తరిగిపోతుంది. ఇక్కడ చెదలు తిన్న దూలంలా ఉంది. పరీక్షలో ప్రశ్నగా ఇస్తే ఏ హౌస్ సర్జన్ అయినా చెప్పేస్తాడు. సాయంత్రం ఏడున్నరకు, బయట ఇంకా ఆరుగురు కూర్చుని ఉండగా, నేను చెప్పలేకపోయాను.

మధ్యలో ఆరు నెలలు

పీకిన గుంత మామూలుగా రెండు, మూడు వారాల్లో పైపొర కప్పుకుంటుంది. ఆయనది మానలేదు. ఎండాకాలం కదా, వేడి చేసిందన్నారు ఇంట్లో. సబ్జా గింజలు, పలుచటి మజ్జిగ. తర్వాత పటిక నీళ్లు పుక్కిలించారు. వర్ధన్నపేట వైపు వాళ్ల ఊళ్లో ఆర్ఎంపీ రెండుసార్లు యాంటీబయాటిక్ కోర్సు రాసి, బీ కాంప్లెక్స్ సూది వేశాడు. మెడికల్ షాపులో నోటిపూతకు వాడే జెల్ ఇచ్చారు. జూన్‌లో పట్నంలో ఇంకో పంటి డాక్టరు గుంత కడిగి, లవంగ నూనె మందు పెట్టి పంపారు. నా దగ్గరికి ఎందుకు రాలేదని అడిగాను. "పీకిన మీకే సూపిస్తే మల్ల పైసలు అడుగుతరేమో అనుకున్న" అన్నారు.

ఈ ఆరు నెలల్లో తంబాకు ఆగలేదు. ఎడమ వైపు నొప్పి అని కుడి వైపు పెట్టుకోవడం మొదలుపెట్టారు. పెట్టుకుంటే కాసేపు నొప్పి తెలియదు కాబట్టి రోజుకు పది కాస్తా పదిహేను అయింది.

జులై చివరలో ఒక రోజు గడ్డం గీసుకుంటుంటే బొట్లు బొట్లుగా నెత్తురు బనియన్ మీద పడేదాకా తెగినట్టు తెలియలేదట. "బ్లేడు తగిలినట్టే కొడ్తలేదు మేడం, ఈ దిక్కు మొద్దుబారింది." కింది పెదవి, గడ్డం ఒక పక్క మొద్దుబారితే దవడ ఎముక లోపల పోయే నరం దాకా ఏదో చేరిందని అర్థం. పన్ను పీకేటప్పుడు నరం దెబ్బతిన్నా మొద్దుబారుతుంది గానీ, అది అప్పుడే తెలుస్తుంది, ఐదు నెలల తర్వాత రాదు.

దేశంలో మొదటి స్థానం, ఊళ్లో మూడేళ్లకొకటి

ఆర్ఎంపీని తిట్టుకోవడం తేలిక. నేను కూడా మొదట తిట్టుకున్నాను. తర్వాత ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాను.

ప్రపంచ దేశాల క్యాన్సర్ లెక్కలు అంచనా వేసే గ్లోబోకాన్ 2022 ప్రకారం మన దేశంలో ఆ ఏడాది పెదవి, నోటి క్యాన్సర్లు కొత్తగా 1,43,759. ప్రపంచం మొత్తం మీద దాదాపు 3.9 లక్షలు, అంటే మూడింట ఒక వంతు కన్నా ఎక్కువ మన దగ్గరే. మన మగవాళ్లకు వచ్చే క్యాన్సర్లన్నింటిలో మొదటి స్థానం దీనిదే, దాదాపు 1.08 లక్షల కేసులు. లక్ష మంది మగవాళ్లకు ఏడాదికి 15కు కొంచెం అటూ ఇటూ. ప్రపంచ సగటు 6 లోపే. ఆడవాళ్లలో మన రేటు లక్షకు 5 దగ్గర.

ఇప్పుడు ఆ 15ను ఒక ఊరికి తెచ్చి చూడండి. 4 వేల జనాభా ఉన్న ఊళ్లో మగవాళ్లు 2 వేలు. లక్షకు 15 అంటే 2 వేలకు ఏడాదికి 0.3. మూడేళ్లకు ఒక మనిషి. అదే ఆర్ఎంపీ దగ్గరికి నోటిపూత, చిగురు వాపు, పన్ను పోటు అంటూ నెలకు ఎంతమంది వస్తారో లెక్కలేదు. దేశంలో మగవాళ్లకు మొదటి స్థానంలో ఉన్న క్యాన్సర్ అతనికి మూడేళ్లకొకసారి ఎదురవుతుంది. అప్పుడు కూడా మిగతా నోటిపూతల వేషంలోనే వస్తుంది. అనుమానం రావాలంటే గుర్తు ఉండాలి, మూడేళ్లకొకటి చూసేవాడికి ఏం గుర్తుంటుంది? నా క్లినిక్‌కు కాస్త ఎక్కువ వస్తాయి. నేను కూడా ఆ వారం పీకిన పళ్లలో ఇదొకటి అనుకున్నానే గానీ వేరే అనుకోలేదు. రేటు ఎక్కువగా ఉన్న దేశంలో డాక్టర్లకు కళ్లు అలవాటు పడి ఉంటాయని అనుకుంటాం. ఒక్కో చేతికి వచ్చే వాటా మరీ చిన్నదవడం వల్ల అలా జరగదు.

నన్ను ఇంకా ఇబ్బంది పెట్టిన లెక్క వేరే ఉంది. అదే 2022లో మన దగ్గర ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు దాదాపు 80 వేలు. కొత్త కేసులు వందకు చావులు 56. అమెరికాలో 2024కు వేసిన అంచనా చూస్తే నోరు, గొంతు కలిపి కొత్త కేసులు 58,450, చావులు 12,230. వందకు 21. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి మన డాక్టర్లు పనికిరారనడం తప్పు. వాళ్ల లెక్కలో గొంతు కలిసి ఉంది. అక్కడ టాన్సిల్, నాలుక మొదలు దగ్గర వచ్చే క్యాన్సర్లలో వందకు 70 దాకా హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చేవి. అవి మందుకు, రేడియేషన్‌కు బాగా లొంగుతాయి. మనవి చెంప, చిగురు, నాలుక పక్కలు. తంబాకు పెట్టుకున్న చోటే పుడతాయి. ఎముక పక్కనే పుడతాయి కాబట్టి ఎముకలోకి పోతాయి. మన దేశంలోనే ఒక్కో చోట ఒక్కో రకం. అహ్మదాబాద్, భోపాల్ రిజిస్ట్రీల్లో (క్యాన్సర్ కేసులు నమోదు చేసే చోట్లు) మగవాళ్ల నోటి క్యాన్సర్ ఎక్కువ, ఈశాన్య రాష్ట్రాల్లో గొంతు వైపు ఎక్కువ. మన శ్రీకాకుళం, విశాఖ వైపు చుట్ట నిప్పును నోట్లోకి తిప్పి అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిట్లో వస్తుంది. ఇవన్నీ తీసేసినా, ఆ 56కు 21కు మధ్య తేడాలో ఆలస్యం వాటా పెద్దదే. మా హమాలీ ఆరు నెలలు ఆ వాటాలోవే.

లెక్కల మాట వచ్చింది కాబట్టి ఇంకొక సంగతి. గ్లోబోకాన్ అంకెలు ఇంటింటికీ తిరిగి తెచ్చినవి కావు. మన దేశంలో క్యాన్సర్ రిజిస్ట్రీల జాతీయ కార్యక్రమం 1980ల మొదట్లో మొదలైంది. ఇప్పటికీ జనాభాలో ఐదో వంతుకు కూడా రిజిస్ట్రీలు చేరలేదు. వాటి నుంచి దేశం మొత్తానికి అంచనా కడతారు. హైదరాబాద్‌కు రిజిస్ట్రీ ఉంది. అక్కడ ఏడాదికి తక్కువ కాకుండా నివసించినవాళ్లనే ఆ ఊరి లెక్కలో వేస్తారు. మా రోగి ఆపరేషన్‌కు పోయినప్పుడు ఫారంలో బావమరిది ఉప్పల్ అడ్రసు రాశారు, కబురు తొందరగా అందుతుందని. రిజిస్ట్రీ మనిషి "ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారు" అని అడగకపోతే, వరంగల్‌లో నమిలిన తంబాకు హైదరాబాద్ రేటును పెంచుతుంది. వ్యాధి మొదలైన చోటు విషయంలోనూ ఇంతే. గడ్డ పుట్టింది కింది చిగురులో అయితే వ్యాధుల జాబితాలో కోడు సీ03.1, చెంప లోపల అయితే సీ06.0. ఆయన డిశ్చార్జి కాగితంలో ఒక పేజీలో చెంప అని, ఇంకో పేజీలో చిగురు అని ఉంది. ఏ కోడు వేసినా ఆయనకు పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. కానీ ఏ అలవాటు ఏ చోట క్యాన్సర్ తెస్తోందో రేపు తేల్చాలనుకునేవాళ్లు ఈ కాగితాలనే నమ్ముకోవాలి.

ఆగస్టు

రెండోసారి భార్యతో వచ్చారు. నోరు 21 మి.మీ. తెరుచుకుంది. పీకిన గుంత ఉండాల్సిన చోట నుంచి చెంప మడత దాకా పుండు, 3.8 సెం.మీ. పొడవు, 2.5 వెడల్పు. మధ్యలో బూడిద రంగు పొర, అంచులు పైకి లేచి బయటికి తిరిగి ఉన్నాయి.

చూడటం కన్నా ముట్టుకోవడం ముఖ్యం. చూపుడు వేలు లోపల, బొటనవేలు బయట చెంప మీద పెట్టి మధ్యలో ఉన్నదాన్ని నొక్కి చూస్తాం. మామూలు నోటిపూత అంచు మెత్తగా ఉంటుంది, ముట్టుకుంటే మనిషి కుర్చీలోంచి లేస్తాడు. దీని అంచు ఎండలో పడి ఉన్న తోలు చెప్పు అంచులా ఉంది. ఆయన కదల్లేదు. "నొప్పి ఉందా?" "అంత లేదు." నొప్పి లేని గట్టి పుండు నొప్పి ఉన్న పుండు కన్నా ప్రమాదం. దవడ కింద ఎడమ వైపు గోళీకాయంత బిళ్ల (వాచిన లింఫ్ గ్రంథి), గట్టిగా ఉంది, కానీ వేలి కింద ఇంకా జరుగుతోంది.

ముక్క తీయాలన్నాను. భార్య వద్దంది. "కత్తి తగిల్తే పాకుతదట కదమ్మా." మా వైపు రోజూ వినే మాటే. పెద్దవాళ్లు రాచపుండు అంటారు, దాని మీద ఇనుము పెట్టొద్దంటారు. ముక్క తీయించుకున్న మనిషి ఆర్నెల్లలో పోవడం వాళ్లు చూసి ఉంటారు. ముదిరాక తీసిన ముక్క కాబట్టి పోయాడని ఎవరు చెప్తారు? మామూలుగా అయితే అలా పాకదని వివరిస్తాను. ఆ రోజు వేరే మాట చెప్పాల్సి వచ్చింది.

"ఫిబ్రవరిలో నేను పన్ను పీకినప్పుడే ఇది అక్కడ ఉందమ్మా. అప్పుడే ముక్క తీయాల్సింది. తీయకపోవడమే తప్పయింది."

ఆమె నా ముఖంలోకి చూసింది. "మరప్పుడెందుకు చెప్పలే?"

"నాకు కనపడలేదు."

ఆయన కుర్చీలో నుంచే చేత్తో వద్దన్నట్టు ఊపారు. "మాకు మాత్రం కనపడ్డదా? తియ్యుండ్రి."

పుండు మధ్యలోంచి తీస్తే చచ్చిన కండ తప్ప ఏమీ రాదు. మంచి పొరా, చెడ్డ పొరా కలిసే అంచు నుంచి తీయాలి. అలా రెండు ముక్కలు తీశాను. ఐదో రోజు రిపోర్టు వచ్చింది: స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే నోటి పైపొరలో పుట్టే క్యాన్సర్, మధ్య రకం. సీటీలో దవడ ఎముక గట్టి పొరను దాటి లోపలికి పోయింది. అంటే టీ4ఏ (గడ్డ ఎంత దూరం పాకిందో చెప్పే గుర్తు). మెడ బిళ్లతో కలిపి నాలుగో దశలో మొదటి మెట్టు.

ఇక్కడ ఒక వివరం నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు. చిగురులో పుట్టిన గడ్డ పంటి గుంత పైపై ఎముకను మాత్రమే తింటే దాన్ని టీ4గా లెక్కించరు. ఫిబ్రవరి ఎక్స్‌రేలో కనిపించింది దాదాపు అంతే. అప్పుడైతే దవడ పై అంచు మాత్రం చెక్కి, కింది వాసం నిలిపి ఉండేవాళ్లు. పళ్లు కొన్ని పోయేవి, ముఖం నిలిచేది. పన్ను పీకిన గుంత గడ్డకు ఎముకలోకి తలుపు తీసినట్టు అవుతుంది. ఆ తలుపు తీసింది నేను.

ఆపరేషన్, కరెంటు

ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలు చేశాక ఈ కుటుంబాలకు ఆపరేషన్ ఖర్చు భయం తగ్గింది. ఆసుపత్రి బయట అయ్యే ఖర్చు తగ్గలేదు. పొద్దున కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, టోకెన్ తీసుకుని, మత్తు డాక్టరు చూసి, మళ్లీ గుండె పరీక్షకు రమ్మంటే మళ్లీ రైలు. హమాలీకి పోని రోజు కూలి లేదు. ఆపరేషన్ తేదీ దొరకడానికి నాలుగు వారాలు పట్టింది.

ఎడమ దవడలో గడ్డ ఉన్న భాగం, చెంప లోపలి పొర, మెడలో బిళ్లలు అన్నీ తీశారు. ఖాళీని ఛాతీ కండతో పూడ్చారు. కాలి ఎముక తెచ్చి దవడ కట్టే పద్ధతి ఉంది గానీ ఎక్కువ గంటలు పడుతుంది, సన్నటి రక్తనాళాలు కుట్టాలి. ఆయనకు అది చేయలేదు. పరీక్షలో గడ్డ లోతు 14 మి.మీ., అంచులు శుభ్రం, 31 బిళ్లల్లో రెంటిలో క్యాన్సర్, బిళ్ల పొర దాటి బయటికి రాలేదు. పొర దాటినా, అంచుల్లో క్యాన్సర్ మిగిలినా రేడియేషన్‌తో పాటు సిస్ప్లాటిన్ అనే కీమో మందు కూడా ఇస్తారు. ఈయనకు రేడియేషన్ ఒక్కటే సరిపోయింది. మా వాళ్ల భాషలో కరెంటు పెట్టడం. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు, మొత్తం 30 కరెంట్లు, మోతాదు 60 గ్రే (రేడియేషన్ కొలమానం).

కరెంటుకు ముందు నా దగ్గరికి పంపారు. రేడియేషన్ పడిన దవడకు రక్తప్రసరణ తగ్గుతుంది. తర్వాత పన్ను పీకితే ఎముక కుళ్లే ప్రమాదం ఉంది. కాబట్టి పాడైన పళ్లను ముందే తీసి, గాయం మానడానికి రెండు వారాలు ఇవ్వాలి. కుడి వైపు రెండు పళ్లు. తీసేటప్పుడు నా చేయి తడబడింది. ఆయన గమనించారు, ఏమీ అనలేదు. ఉమ్ము తగ్గిపోతే మిగతా పళ్లు ఏడాదిలోనే పుచ్చిపోతాయి కాబట్టి రోజూ పెట్టుకోవడానికి ఫ్లోరైడ్ ట్రేలు చేసిచ్చాను.

మూడో వారం నుంచి నోరంతా పూత. 58 కిలోల మనిషి 49కి వచ్చారు. జీవితమంతా మిర్చి మధ్య బతికిన మనిషికి చిటికెడు కారం కూడా నిప్పయింది. మక్క గట్క పలుచగా కాచి, మజ్జిగ కలిపి, స్ట్రాతో తాగించింది భార్య. ముక్కు గొట్టం వద్దని ఆమే పట్టుబట్టింది, నెగ్గింది కూడా.

నోరు మళ్లీ బిగుసుకుపోకుండా ఐస్‌క్రీం పుల్లలు ఇచ్చాను. మా కాలేజీ రోజుల నుంచి ఉన్న చవక పద్ధతి. పుల్లలను ఒకదాని మీద ఒకటి పేర్చి, రబ్బరు బ్యాండు వేసి, మిగిలిన పళ్ల మధ్య దూర్చి ఐదు నిమిషాలు ఉంచాలి. రోజుకు ఐదారు సార్లు. నాలుగైదు రోజులకోసారి మధ్యలో ఇంకో పుల్ల దోపాలి. ఒక్కోటి దాదాపు 2 మి.మీ. మందం. కరెంటు అయిపోయిన రోజు 8 పుల్లలు పట్టాయి. ఇప్పుడు 13. కట్టను చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతారు. మార్కెట్లో తోటి హమాలీలు ఏందదని అడిగితే బయటికి తీసి, నోట్లో పెట్టి చూపిస్తారట. నేను తంబాకు గురించి చెప్పిన ఉపన్యాసాలన్నీ ఒకెత్తు, ఎడమ దవడ లోపలికి పోయిన ముఖంతో ఆ పుల్లలు చూపించడం ఒకెత్తు. ఆయన చూపించాక ఇద్దరు నా క్లినిక్‌కు వచ్చారు. ఒకాయనకు చెంపలో పట్టీలు మొదలయ్యాయి. ఆయన వక్క మానేశారో లేదో ఇంకా నమ్మకం కుదరలేదు.

ఈ దశలో పట్టుబడిన వాళ్లలో సగం మంది ఐదేళ్లు దాటితే గొప్ప. తొలి దశలో అయితే పదిమందిలో ఏడెనిమిది మంది దాటతారు. ఈ సంగతి ఆయన అడిగితేనే చెప్పాను. "ఒకటైతే దాటుతున్న కదా" అన్నారు.

క్లినిక్‌లో మారింది

గుర్తొస్తే చూద్దామనే పద్ధతి వదిలేశాను. ముందు చెప్పిన లెక్క ప్రకారం గుర్తు రాదు. 30 దాటిన ఎవరు వచ్చినా, క్లీనింగ్‌కు వచ్చినా, మనవడికి తోడుగా వచ్చినా, ముందు నోరు ఎంత తెరుచుకుంటుందో స్కేలుతో కొలిచి కార్డు మీద రాయాలి. మా అసిస్టెంట్ చేసేస్తుంది. తర్వాత నేను రెండు చెంపలు, పెదవుల లోపల, నాలుక రెండు పక్కలు, నాలుక కింద, అంగిలి చూసి, వేలితో తడుముతాను. ఒకటిన్నర నిమిషం. ఒక్క పన్నే ఊగుతూ పక్కవి గట్టిగా ఉంటే పీకడానికి ముందు ముక్క తీస్తాను. పీకిన గుంత మూడు వారాలకు మానకపోతే డబ్బులు లేకుండా చూస్తానని రసీదు మీద స్టాంపు వేయిస్తున్నాను. ఆయన రాకపోవడానికి కారణం అదే కదా.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. తిరువనంతపురం జిల్లాలో 1990ల మధ్య నుంచి దాదాపు 1.9 లక్షల మందితో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. డాక్టర్లు కాదు, తర్ఫీదు ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు పోయి నోట్లో చూశారు. తంబాకు, మద్యం అలవాటు ఉన్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయని 2005లో ప్రకటించారు. 30 దాటిన అందరికీ నోరు చూడాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 30 నుంచి 49 ఏళ్ల వాళ్లలో ఒక్కసారైనా నోటి పరీక్ష జరిగింది మగవాళ్లలో 1.2 శాతానికి, ఆడవాళ్లలో 0.9 శాతానికి. వందమందిలో ఒకరు. గుట్కా నిషేధం కథ కూడా ఇలాంటిదే. గుట్కా అని రాసి ఉన్న ప్యాకెట్ దొరకదు, పాన్ మసాలా ఒక ప్యాకెట్, జర్దా ఒక ప్యాకెట్ పక్కపక్కన వేలాడుతుంటాయి. కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటాడు.

ఆమె

కరెంటు నడుస్తున్నప్పుడు ఆయనకు తోడుగా వచ్చి కూర్చునే భార్యను ఒక రోజు నేనే కుర్చీలో కూర్చోమన్నాను. నాకేం లేదమ్మా అంది. ఆమె పుట్టిల్లు కరీంనగర్ వైపు. పదమూడేళ్ల వయసు నుంచి బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. ఎప్పుడో పంటి నొప్పికి చిటికెడు తంబాకు కింది పెదవి లోపల పెట్టుకుంది, అప్పటి నుంచి అక్కడే.

పెదవి లోపల ఒకటిన్నర సెం.మీ. తెల్ల మచ్చ, నీళ్లలో నానిన వేలిముద్రలా ముడతలు పడి ఉంది. గుడ్డతో తుడిస్తే పోలేదు. గట్టిదనం లేదు. ఈసారి ముక్క తీయడానికి ఆమె అడ్డు చెప్పలేదు. రిపోర్టు మైల్డ్ డిస్‌ప్లేసియా అని వచ్చింది. అంటే కణాల్లో మార్పు మొదలైంది, క్యాన్సర్ కాదు. తంబాకు తీసేస్తే ఇలాంటి మచ్చలు చాలావరకు పలుచబడతాయి.

"చేతుల నిండ తంబాకే ఉండె. నోట్లె పెట్టుకోకుండ ఉండుడు ఎట్ల?" అని అడిగింది. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. తంబాకు పెట్టుకునే చోట లవంగం పెట్టుకోమన్నాను, బీడీల దగ్గర కూర్చునేటప్పుడు ముక్కుకు, నోటికి కలిపి కొంగు కట్టుకోమన్నాను. ఆరు వారాలకు చూస్తే మచ్చ సగం పలుచబడింది. పూర్తిగా మానేశావా అంటే తల అటూ ఇటూ కాకుండా ఊపింది. ఆయన పక్కనుంచి "పండుకునే ముందు ఒక్కటే" అని చెప్పేశారు, ఆమె మోచేత్తో పొడిచింది.

మచ్చ ఫొటో, కొలత ఆమె పేరు మీద వేరే కార్డులో పెట్టాను. ఆయనకు రెండు నెలలకోసారి, ఆమెకు మూడు నెలలకోసారి. వచ్చే నెల 14న ఇద్దరిదీ ఒకే రోజు పడింది.